రెండో గ్లాసు

గొడుగుల కొట్టు, వెనక గది

అమ్మాయికి,

నా రాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. ఊరి బళ్లో ఐదు దాకా చదివాను. ఆ తర్వాత నా చేతికి కలం కంటే గొడుగు ఊచలే ఎక్కువ దొరికాయి. అక్షరాలు అటూ ఇటూ పోతే కోప్పడకుండా కూడబలుక్కుని చదువుకో.

నువ్వు నన్ను చూశావు. ఆసుపత్రిలో మా అమ్మాయి మంచం పక్కన స్టూలు మీద కూర్చునే ముసలాణ్ణి. నీది ఆ పక్క మంచం. అన్నాళ్లున్నా నీతో ఒక్క మాట కూడా మాట్లాడలేదని ఇంటికొచ్చాక అది నన్ను దెప్పింది. "మనిషివా, స్టూలుకి ఇంకో కాలా?" అంది. ఏం మాట్లాడాలో తోచలేదమ్మా.

దానికి నువ్వు రాసిన ఉత్తరాలు అందాయి. జవాబు అదే రాయాల్సింది. కుడి చెయ్యి కాస్త నొప్పిగా ఉంది. అందుకని నేను రాస్తున్నాను. పన్ను పీకించాం. బాగానే ఊడింది.

మీ ఇద్దరికీ ఉన్న ఆ లూపస్ జబ్బుకి ఎండ పడదని పెద్ద డాక్టరు చెప్పాడు కదా. అప్పటినుంచి దానికి రెండు పొరల నల్లబట్టతో గొడుగు చేసి ఇస్తున్నాను. నీకూ ఒకటి చేయమని ఆసుపత్రిలోనే నాకు పురమాయించింది. బట్ట కత్తిరించాను. పిడి వంకీది కావాలా, గుండ్రంది కావాలా? రాయి.

ఇట్లు,
మీ అక్క నాన్న


మేడ మీద గది, కుట్టు షెడ్డు వీధి

ఓ మైకక్కా!

చెయ్యి నొప్పా? బస్టాండులో మైకు పట్టుకుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో చెప్పడానికి చెయ్యెందుకే నీకు, నోరు చాలదూ? ఉత్తరం రాయమంటే మాత్రం నాన్నగారి మీదికి తోసేశావు. పెదనాన్నా, మీ రాత బాగానే ఉంది. అక్షరాలన్నీ గొడుగుల్లా ఓ పక్కకి ఒరిగాయి, అంతే.

అక్కా, పన్ను పీకేశారట కదా. చూశావా, నేను చెప్పలా? ఆ రక్తపరీక్ష అబ్బాయి మనిద్దరికీ ఒకే మాట చెప్పాడు, "మీ రక్తం గొట్టంలో గడ్డకట్టడానికి మామూలు కంటే ఆలస్యమవుతోందమ్మా" అని. అసలే ఆలస్యంగా గడ్డకట్టే రక్తం, దాన్ని ఇంకా పల్చన చేసే మాత్రేసుకుని పన్ను పీకించుకుంటే నోరంతా చెరువైపోదూ? నేను నా పన్నుకి ముందు మాత్ర ఆపేశాను, డాక్టర్ని అడిగితే తిడతాడని అడగలేదు. ఏమైంది? గుర్రంలా ఉన్నాను. నువ్వూ అలాగే చేసుంటావు. నీకంత ధైర్యం లేదనుకో, నేను రాశానని చేసుంటావు.

నేను మళ్లీ మాత్ర వేసుకుంటున్నాలే. ఒట్టు. సాయంత్రం దీపం వెయ్యగానే గ్లాసు పట్టుకుంటాను. ఎదురుగా నీ గ్లాసు లేదుగా, కిటికీ చువ్వకి తగిలిస్తాను. మా అమ్మ చూసి, "దీనికి ఒంట్లో జబ్బు చాలక బుర్రలో కూడా వచ్చింది" అంటోంది.

పెదనాన్నా, పిడి వంకీదే. షెడ్డులో మేకుకి తగిలించుకుంటాను.

ఇంకోటి. మీ ఊరి బస్సు దిగిన ఒకావిడ మా షెడ్డులో పనికి చేరింది. మీ బస్టాండు మైకులో ఇప్పుడు ఎవడో మగగొంతు వినిపిస్తోందంది. అక్క సెలవులో ఉందా? చెయ్యి నొప్పికి సెలవెందుకు? నిజం రాయండి.

మీ కుట్టుపిల్ల


గొడుగుల కొట్టు, వెనక గది

అమ్మాయికి,

నిజం రాయమన్నావు.

దానికి పక్షవాతం వచ్చింది. తల్లో రక్తం గడ్డకట్టింది. పొద్దున పళ్లు తోముకుంటూ కుళాయి దగ్గర పడిపోయింది. కుడి చెయ్యి లేవదు. కుడి కాలు ఈడుస్తుంది. చూపు బాగానే ఉంది. మనుషుల్ని గుర్తుపడుతుంది. మనం చెప్పింది చాలావరకు తెలుస్తుంది.

మాట పోయింది. ఒక్కటే మిగిలింది. "పద" అంటుంది. ఆకలేస్తే పద. కోపమొస్తే పద. నేను కనబడకపోతే గట్టిగా పద, పద అని. ఆ ఒక్క మాటే ఎందుకు మిగిలిందో డాక్టరుకూ తెలియదట. కొందరికి అలా ఒకటి మిగులుతుందన్నాడు.

బస్టాండు వాళ్లు వచ్చి చూశారు. డ్రైవర్లు వంతులేసుకుని వస్తున్నారు. ఒకతను, లావుపాటాయన, గుమ్మంలో నిలబడి దాని గొంతులాగే సన్నగా "దయచేసి వినండి" అన్నాడు. అది నవ్వింది. అతను బయటికెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

చెయ్యి నొప్పి అని రాసినందుకు ఏమీ అనుకోకు. మొదటి ఉత్తరంలోనే ఎలా రాయను?

ఈ జబ్బులో ఇలా జరుగుతుందన్నారు. అంతే.

నీ గొడుగుకి వంకీ పిడి దొరికింది. నున్నగా లేదు, గరుకు కాగితంతో రుద్దుతున్నాను.

ఇట్లు,
మీ అక్క నాన్న


మేడ మీద గది, కుట్టు షెడ్డు వీధి

పెదనాన్నా,

మీ ఉత్తరం షెడ్డులోనే విప్పాను. ఎందుకు విప్పానో. కుడుతున్న కోటు మీద తల పెట్టి ఏడిస్తే మేస్త్రి వచ్చి, "తెల్లబట్ట, తల్లీ, కాటుక అంటుతుంది" అన్నాడు.

ఆ మాట నాది పెదనాన్నా. మీరు సాయంత్రాలు కింద టీ తాగడానికి వెళ్లేవారు కదా, అప్పుడు నర్సమ్మ మాత్రలిచ్చేది. అక్కకి మాత్రంటే భయం. గొంతులో అడ్డం పడుతుందని నీళ్లు నోట్లో పోసుకుని అలాగే కూర్చునేది. నేను స్టీలు గ్లాసు తీసుకెళ్లి తన గ్లాసుకి ఠంగున తగిలించి "పద" అనేదాన్ని. ఇద్దరం ఒకేసారి మింగేవాళ్లం. కాల్లో గడ్డతో నేనూ, ఊపిరితిత్తిలో గడ్డతో తనూ, తాగుబోతుల్లా గ్లాసులు కొట్టుకుంటున్నామని నర్సమ్మ తిట్టేది. ఇల్లు చేరాక కూడా రోజూ ఆ వేళకి తలుచుకుని మింగాలని ఒట్లు పెట్టుకున్నాం.

అక్కకి అది ఎలా మిగిలింది పెదనాన్నా? ఊళ్ల పేర్లన్నీ పోయి, మీ పేరు పోయి, నా మాట మిగిలిందా?

ఒక్కటి అడుగుతాను. నిద్ర పట్టడం లేదు. పన్నుకి ముందు అక్క మాత్ర ఆపిందా? నేను రాసినట్టు చేసిందా? మీ పక్కనే కదా ఉంటుంది, మీకు తెలియకుండా ఉండదు. అవునో కాదో ఒక్క ముక్క రాయండి చాలు. అవునైతే అవుననే రాయండి. నేను తట్టుకుంటాను. తట్టుకోలేననుకోండి, అయినా రాయండి.

మీ కుట్టుపిల్ల


గొడుగుల కొట్టు, వెనక గది

అమ్మాయికి,

లేదమ్మా. ఆపలేదు. రోజూ వేసుకుంది. నేను చూశాను.

నీకూ దీనికీ సంబంధం లేదు. మనసులో పెట్టుకోకు.

గొడుగు పూర్తయింది. బస్సులో పంపుతున్నాను. నేను చెప్పానే, ఆ లావుపాటి డ్రైవరు, అతని చేతికిచ్చాను. మీ షెడ్డు అతనికి తెలుసట. మూసేటప్పుడు ఊచ దగ్గర వేలు పెట్టకు. నీకు రక్తం తొందరగా ఆగదు.

ఇట్లు,
మీ అక్క నాన్న


మేడ మీద గది, కుట్టు షెడ్డు వీధి

పెదనాన్నా,

మీ ఉత్తరం చదివాక కడుపు నిండా తిని పడుకున్నాను. చాలా రోజులైంది అలా నిద్రపోయి. అక్కకి ఇలా అయినందుకు ఏడుపు వస్తూనే ఉంది. కానీ నా వల్ల కాదు కదా. ఆ ఒక్కటీ చాలు.

గొడుగు వేసుకుని వీధిలోకి వెళితే పిల్లలు "చీకటి తెచ్చుకుంటోంది" అని నవ్వారు. నిజంగానే కింద చీకటి. ఎండకి ముఖం మీద వచ్చే ఎర్రమచ్చలు తగ్గాయి.

ఇక్కడ పని పీకల మీదికి వచ్చింది. ఆసుపత్రి కోట్లు, అన్నీ తెల్లవే. మాత్ర వేసుకుంటే సూది గుచ్చుకున్న వేలికి రక్తం ఎంతసేపటికీ ఆగదు. గుడ్డ చుట్టుకుని కుట్టినా ఎక్కడో అక్కడ మరక పడుతోంది. నిన్న యజమాని నేను కుట్టిన కోటు అందరి ముందూ ఎత్తి చూపించి, "డాక్టర్లకి కోట్లు కుట్టమన్నాను, కసాయివాళ్లకి కాదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకోండి, ఏం చెయ్యను? ఇంకొకటి మరకైతే మిషను మీద నుంచి లేపేస్తానన్నాడు.

అందుకని మాత్ర ఆపేశాను. ఆర్డరు అయ్యేదాకా. మీరు కంగారు పడకండి. నేను బాగా ఆలోచించే చేశాను. అక్క ఒక్కపూట కూడా మానకుండా మింగింది, మీరు కళ్లారా చూశారు. అయినా గడ్డ కట్టింది. నేను పన్నుకి ఆపేశాను, ఏమీ కాలేదు. అంటే రాసిపెట్టి ఉంటే వస్తుంది, లేకపోతే రాదు. ఈ మాత్ర ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మీరు నిజం రాయబట్టి నాకు ఆ ధైర్యం వచ్చింది.

వేలు అప్పుడే శుభ్రంగా ఉంది. కోటు మీద చుక్క లేదు. కాలు కొంచెం బరువుగా ఉందిలెండి, పొద్దస్తమానం మిషను తొక్కితే ఉండదా?

అక్కకి నా తరఫున గ్లాసు తగిలించండి.

మీ కుట్టుపిల్ల


గొడుగుల కొట్టు

అమ్మాయీ,

ఇది అందగానే పని ఆపి ఆసుపత్రికి వెళ్లు. తర్వాత చదువుకో. కాలు బరువుగా ఉందని రాశావు. వెంటనే వెళ్లు.

నేను అబద్ధం రాశాను. అది మాత్ర ఆపింది. పన్ను పీకే అతను భయపడ్డాడు, రక్తం ఆగకపోతే నా వల్ల కాదు, మీ పెద్ద డాక్టర్ని అడిగి రండి అన్నాడు. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే రోజంతా బస్సు. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. అది చదివి నవ్వుకుని మాత్రల డబ్బా పై అరలో పెట్టింది. ఎందుకే అన్నాను. "కుట్టుపిల్ల ఆపింది, ఏమీ కాలేదు" అంది. దానికి చదువుంది, నాకు లేదు, ఇంక నేనేం మాట్లాడను? పన్ను ఊడింది. రక్తం తొందరగానే ఆగింది. సంతోషించాం. మళ్లీ మొదలుపెట్టేలోపే పడిపోయింది.

పెద్ద డాక్టరు నాకు బొమ్మ గీసి చెప్పాడు. నాకు అర్థమైనంత రాస్తాను. బయటినుంచి వచ్చే జబ్బుని కొట్టడానికి ఒంట్లో కావలి ఉంటుంది. మీ జబ్బులో ఆ కావలి తిరగబడి సొంత ఒంటినే కొడుతుంది. మీ ఇద్దరి రక్తంలో ఉన్న ఆ కావలి రకం, గాజు గొట్టంలో పరీక్ష చేసేటప్పుడు వాళ్లు కలిపే మందుని పట్టుకుని పని చేయనివ్వదు. అందుకని గొట్టంలో ఆలస్యంగా గడ్డకడుతుంది. ఒంట్లోకి వచ్చేసరికి అదే తిరగబడి నరాల్లో గడ్డలు కట్టిస్తుంది. ఆలస్యం అని రాసుంటే, గడ్డ వచ్చే మనిషి అని చదువుకోవాలట. పల్చని రక్తం అని కాదు. ఆ మాత్రే మిమ్మల్ని కాస్తోందట. పన్నుకి ఆపాల్సిన పనే ఉండకపోవచ్చు, ఆపాల్సి వస్తే బదులు సూదిమందు ఇస్తామన్నాడు. అడిగితే చెప్పేవాణ్ణి కదా అన్నాడు.

నీకు ఒకసారి ఏమీ కాలేదు. అది నీ అదృష్టం. దానికి లేదు.

నువ్వు అడిగినప్పుడు చెప్పలేకపోయాను. "ఆ మాట నాది" అని రాశావు. అది చదివాక ఎలా చెప్పను? ఒక పిల్ల పడింది, ఇంకో పిల్లని ఎందుకు పడెయ్యడం అనుకున్నాను. నా అబద్ధం పట్టుకుని నువ్వు మాత్ర మానేస్తావని నా బుర్రకి తట్టలేదు.

మీ షెడ్డుకి ఫోను చేయించాను. పనిలో ఉన్నవాళ్లని పిలిచేది లేదని పెట్టేశారు. అందుకే డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు లేచేదాకా అక్కడినుంచి కదలవద్దని చెప్పాను.

వెళ్లు.


ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు

గొడుగుల కొట్టు పెద్దాయనకి,

మీరు పంపిన డ్రైవరు గేటు దగ్గర బస్సు హారను మోగించినట్టు కేకలేశాడు. కావలివాడు తియ్యనంటే తోసుకుని లోపలికి వచ్చేశాడు. మీ కాగితం నా మిషను మీద, కోటు మీద పెట్టాడు. మొదటి రెండు ముక్కలు చదివి లేవబోయాను. కాలు లేవలేదు. చీర ఎత్తి చూస్తే నల్లగా, నున్నగా, నాది కానట్టుంది. అతనే ఎత్తుకుని ఆటోలో పడేశాడు.

గడ్డ తొడ దాకా పాకింది. ఒక ముక్క పైకి వెళ్లి ఊపిరికి అడ్డం పడింది. ఇంకొక్క రోజు ఆగి ఉంటే మోసుకెళ్లేవాళ్లే అని ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ వేసుకున్న కోటు నేను కుట్టిందే. జేబు దగ్గర నా కుట్టు నాకు తెలుసు. మరక లేదు.

కాలు ఇంక మిషను తొక్కడానికి పనికిరాదన్నారు. యజమాని మా అమ్మతో కబురు పంపాడు, నా గొడుగు మేకుకి ఉండిపోయిందట, వచ్చి పట్టుకెళ్లమని.

మీరు దయ చూపించారు. ఎవరడిగారు ఆ దయ? అవునైతే అవుననే రాయమన్నాను కదా. అప్పుడే రాసుంటే ఏడ్చి ఏడ్చి, మాత్ర మాత్రం మింగేదాన్ని. ఛీ అనిపించుకునైనా మింగేదాన్ని. మీరు "ఆపలేదు" అని రాసిన ముక్క నమ్మి ఆపాను. నేను అక్కకి రాసింది అక్క నమ్మినట్టే.

ప్రాణం పోకుండా కాపాడింది కూడా మీ ఉత్తరమేనని అమ్మ అంటోంది. అదీ నిజమే. నాకు మాత్రం థాంక్స్ చెప్పబుద్ధి కావడం లేదు.

ఆ బస్టాండులో అక్క గొంతు తీసేసింది నేను. ఇప్పుడు నేను ఎదురుగా వస్తే అక్క ఏమంటుంది? పద అంటుంది. పోవే అని అర్థం. మీరు ఇంకోలా చెప్పినా నేను నమ్మను. మీ మాట మీద నాకు ఇంక నమ్మకం లేదు.

రాయకండి.


గొడుగుల కొట్టు, వెనక గది

అమ్మాయికి,

రాయవద్దన్నావు. వానలు అయ్యేదాకా రాయలేదు. ఈ వానల్లో గొడుగులు చాలా వచ్చాయి. పని చేసుకుంటూ ఉండిపోయాను. డ్రైవరు మీ వీధి మీదుగా వెళ్లినప్పుడల్లా అడిగి వస్తున్నాడు. నువ్వు ఇంటికి వచ్చావనీ కర్ర పట్టుకుని మెట్లు దిగుతున్నావనీ చెప్పాడు. మాత్ర వేసుకుంటున్నావో లేదో అతనికి తెలియదన్నాడు. మీ అమ్మని అడిగితే, ఒక్కోరోజు డబ్బా వంక చూసి ముఖం తిప్పుకుంటోందని చెప్పిందట. అందుకే రాస్తున్నాను.

మొన్న ఉత్తరాలన్నీ దానికి చదివి వినిపించాను. నువ్వు రాసినవి చదివి, నేను నీకు ఏం రాశానో కూడా చెప్పాను. అబద్ధం రాశానని చెప్పినప్పుడు నా వంక చూసింది. నీ కాలి సంగతి చదివినప్పుడు ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకుంది.

దీపం పెట్టాక మాత్ర ఇచ్చాను. తీసుకోలేదు. లేచి, కాలు ఈడ్చుకుంటూ గిన్నెల బల్ల దాకా వెళ్లింది. ఎడమ చేత్తో ఇంకో స్టీలు గ్లాసు తీసింది. దానిలో నీళ్లు పోసింది. సగం నేల పాలైంది. ఆ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. అప్పుడు తన గ్లాసు దానికి తగిలించి, "పద" అని మింగింది. నేను ఊరికే పట్టుకుని నిలబడితే మళ్లీ తగిలించింది. తాగాను.

అప్పటినుంచి రోజూ ఇంతే. రెండో గ్లాసు లేకపోతే మాత్ర ముట్టదు. నేను తాగేదాకా వదలదు. నిన్న కొట్టులో పని ఉండి ఆలస్యమైతే గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది.

దాని మనసులో నీ మీద కోపం ఉందో లేదో నేను చెప్పలేను. లేదని రాస్తే నువ్వు నమ్మవు. నమ్మక్కర్లేదు కూడా, నాకు నిజంగా తెలియదు. నేను చూసింది మాత్రం రాశాను. ఒలికింది తుడవబోతే నా చెయ్యి తోసేసి, గ్లాసు అంచుదాకా మళ్లీ పోసింది. అదే చూశాను.

మాట తిరిగి రాదన్నారు. కాలు కూడా ఇంతేనన్నారు. నీకూ అదే చెప్పి ఉంటారు.

అది నా చేతికిచ్చే గ్లాసు నాది కాదమ్మా. నాకు ఏ మాత్రా లేదు, ఉత్త నీళ్లు తాగుతున్నాను. ఈ పూట మింగావా? మింగానని గానీ లేదని గానీ ఒక్క ముక్క రాయి, తిట్టదలచుకుంటే తిట్టు కూడా రాయి, కానీ తొందరగా రాయి. డ్రైవరు ఎల్లుండి మీ వీధిలోంచి తిరిగి వస్తాడు.

ఇట్లు,
మీ అక్క నాన్న